విచారణ జరిగింది

"భార్యని కొడుతున్నాడు" అని ప్రొబేషన్ ఆఫీసరు రిపోర్టులో ఒక్క ముక్క రాశాడు. కోర్టు షరతుల మీద బయట వదిలిన మా తమ్ముణ్ణి ఆ ముక్కతో మళ్ళీ జైల్లో వేశారు.

వాడికి అసలు పెళ్ళే కాలేదు.

ఇంకెవడి ఫైల్లోదో మావాడి ఫైల్లోకి ఎక్కించాడు ఆ మహానుభావుడు! కాగితం తీసుకెళ్ళి అతని బల్ల మీద కొట్టాను.

"నేను నర్సుని. ఒక్క సూది తప్పు వేస్తే మా నర్సింగ్ కౌన్సిల్ నా రిజిస్ట్రేషన్ పీకేస్తుంది. మనుషుల్ని జైలుకి పంపే మీ మీద ఎవరికి చెప్పుకోవాలయ్యా?"

"మా ఆఫీసుకే చెప్పుకోవాలి మేడమ్," అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండా. "మావాళ్ళే విచారిస్తారు."

కంచే చేను మేస్తోందంటే, వెళ్ళి కంచెకే చెప్పుకోమంటాడు! ఒళ్ళు మండిపోయింది. అయినా రాసిచ్చాను. "మా తమ్ముడికి పెళ్ళి కాలేదు" అన్న మాట కింద రెండు గీతలు కొట్టి మరీ ఇచ్చాను.

మూడు నెలలకి జవాబొచ్చింది. సీలుంది, సంతకముంది.

"మీ ఫిర్యాదుపై క్షుణ్ణంగా విచారణ జరిపాం. ఆఫీసరు తప్పేమీ లేదు. మీ తమ్ముడి భార్యను స్వయంగా కలిశాం. కొడుతున్న మాట నిజమేనని ఆమె కన్నీళ్ళతో చెప్పింది."