గండికోటలో పది రోజులు

హంతకుడు వంటవాడేనని ప్రొద్దుటూరు తేల్చేసింది. కాదు, విజిలు సారేనని జమ్మలమడుగు పట్టుబట్టింది.

'గండికోటలో పది రోజులు' లోకల్ కేబుల్ చానెల్లో వారం నుంచి రోజూ మధ్యాహ్నం వస్తోంది. వేసవి శిబిరానికి వెళ్లిన పది మంది పిల్లలు, ఒక వంటవాడు, ఒక సారు. నిడివి పంతొమ్మిది నిమిషాలు.

తీసినవాడు ఇర్ఫాన్. పదకొండేళ్లుగా ప్రొద్దుటూరులో సగం పెళ్లిళ్లు అతని కెమెరా ముందే జరిగాయి. పెళ్లి కానిది ఏదైనా తీయడం ఇదే మొదలు.

తీయించినవాడు కోదండపాణి. జమ్మలమడుగులో రిటైరైన డ్రిల్లు మాస్టరు. మెళ్లో విజిలుతో కనిపించే సారు కూడా ఆయనే.

"చప్పట్లు నాకొద్దప్పా," అన్నాడాయన మొదటిరోజే. "ఇది చూసి ఆదివారం లోపల ముప్పై మంది నా గడప తొక్కల్ల. తొక్కితే ఇంక ప్రతి ఏడూ నీతోనే తీయిస్తా. లేదంటే నీ పెండ్లిళ్లు నీకుండనే ఉండాయి."

అప్పగింతల ఏడుపులు ఇర్ఫాన్ చెవులకు ఇక చాలు. అందుకే శుక్రవారం పొద్దున్నే జనం మాట వినడానికి బయల్దేరాడు.

జియావుల్లా టీ అంగట్లో అదే చర్చ.

"ఏం సినిమా మామా అది?" అంటున్నాడు ఆటో నడిపే అక్రమ్. "నెత్తురంటే నెత్తురు మాదిరి ఉండల్ల. వంటోడు కత్తి ఎత్తినాడు, దించినాడు, అంగీ నిండా ఎర్రగా చిందింది. పుచ్చకాయ రసమని పసిపిల్లోల్లకు గూడా తెలుస్తాంది."

"పుచ్చకాయదే," అన్నాడు ఇర్ఫాన్, గ్లాసు అందుకుంటూ.

"చూసినావా, డైరెక్టరే ఒప్పుకుంటాండాడు."

ఇర్ఫాన్ ఇంకేదో చెప్పబోయాడు. కానీ పదకొండేళ్లలో తనను డైరెక్టరన్న మొదటి మనిషి అక్రమే. టీ ఊదుకుంటూ బల్ల మీద సర్దుకు కూర్చున్నాడు.

"నీకు సినిమా తెలీదు పోరా," అన్నాడు జియావుల్లా టీ వడగడుతూ. "మొదటి దినం పది మంది పిల్లోల్లు. నాలుగో దినానికి ఆరు మంది. ఆఖరికి ఇద్దరు. తక్కినోల్లు ఏమైనారని ఒక్కరన్నా అడగరు. ఆ విజిలు సారు అట్లే నవ్వుతా దండీలు తీయిస్తాంటాడు. అదిరా భయమంటే. ఏం ఇర్ఫాన్, చంపేది కావాలనే చూపించలేదు కదా?"

"ఎండకు తట్టుకోల్యాక పిల్లోల్లు షూటింగుకు రాలే మామా."

"అదీ. ఉండేదాంతో తీసినాడు. తెలివంటే అది."

అక్రమ్ కాస్త మెత్తబడ్డాడు. "ఒక్కొక్కరి మొగం నిలబడిపోయి, అద్దం మాదిరి ఆరు ముక్కలయితాది చూడు. ఆడ మాత్రం నాకూ గుండె జల్లుమనింది."

పెళ్లికొడుకు మేనమామలను పరిచయం చేయడానికి ఇర్ఫాన్ ప్రతి పెళ్లిలోనూ వాడే ఎఫెక్టు అది.

"బాగుందంటాండావు కదా మామా," అన్నాడతను జియావుల్లాతో. "ఒకసారి జమ్మలమడుగు పోయి కోదండపాణి సారును కలువు."

జియావుల్లా చేతిలో వడపోత గుడ్డ ఆగిపోయింది. "ఆయనను కలిసేదా? నేనొక్కన్నే పోవల్లా?"

బాగుందన్నవాళ్లూ పోనన్నారు. బాగలేదన్నవాళ్లూ పోనన్నారు. ఊరు రెండుగా చీలింది గానీ ఆ ఒక్క విషయంలో మాత్రం ఒక్కటే మాట.

పులివెందుల నుంచి ఇర్ఫాన్ పిన్ని ఖమ్రున్నీసా ఖాలా ఫోన్ చేసింది. "మా వీధిలో సగం మంది నవ్వినార్రా. సగం మంది తలుపులేసుకున్నారు. నేను రెండూ చేసినా. ఆఖర్లో ఆ ముసలాయన మనల్నే చూస్తా, 'మీ పిల్లలను మాకు అప్పగించండి, ఇక వాళ్ల గురించి మీకు ఏ బెంగా ఉండదు' అంటాడే, అప్పట్నుంచి నా మనవడు మంచం కింద నుంచి బయటికి రాలేదు. మంచి పేరొచ్చింది లేరా నీకు."

ఆదివారం మధ్యాహ్నం ఇర్ఫాన్ జమ్మలమడుగులో బస్సు దిగాడు. బస్టాండులో వంటవాడు మౌలాలితో జనం సెల్ఫీలు దిగుతున్నారు. ఎవరూ చేతికందేంత దగ్గరికి మాత్రం రావడం లేదు.

"సంతలో ఉల్లిగడ్డలు తరిగే కత్తి అడిగినా భయ్యా," అన్నాడు మౌలాలి దిగులుగా. "అంగడామె ఇయ్యనంటే ఇయ్యనంటాంది."

కోదండపాణి ఇంటి వసారాలో ముప్పై ప్లాస్టిక్ కుర్చీలు వరుస తప్పకుండా వేసి ఉన్నాయి. ముప్పైయీ ఖాళీ. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెళ్లో విజిలుతో, గడపకు ఎదురుగా కూర్చున్నాడు. అరుగు దగ్గరికొచ్చిన ఒక పాప ఆయనను చూసి, బంతి అక్కడే వదిలేసి పారిపోయింది.

"మూడూర్లలో మన మాటే సార్," అన్నాడు ఇర్ఫాన్ హుషారుగా. "రెండో భాగం ఎప్పుడని అడుగుతాండారు."

"ఈడికీ వచ్చినాడు ఒకాయన, మైదుకూరు నుంచి."

"ఒకడన్నా వచ్చినాడు కదా సార్. ఏమన్నాడు?"

"రెండో భాగంలో మొదట తననే చంపమన్నాడు."

ఇర్ఫాన్ నవ్వాడు. కోదండపాణి నవ్వలేదు.

ఆయన సొరుగులోంచి ముప్పై ఖాళీ దరఖాస్తులు తీసి బల్ల మీద పెట్టి, "ఎండాకాలం సెలవుల్లో మీ పిల్లోల్లను మా శిబిరంలో చేర్పించండని అడ్వర్టైజ్‌మెంటు తియ్యమంటి గదప్పా నిన్ను," అన్నాడు.