క్లచ్ కాలు

"ఇంకా కోయాలి," అన్నాడు సర్జన్, కట్టు విప్పి చూసి. "క్రితంసారి కోసినచోటే పుండు రెండింతలైంది. ఈసారీ ఆగకపోతే కాలు తీసెయ్యడమే."

బస్సు డ్రైవరు కాలు వెనక్కి లాక్కున్నాడు. అది ఎడమకాలు, క్లచ్ తొక్కే కాలు. అంచులు ఊదారంగుకి తిరిగిన ఆ పుండు వంక చూడటానికి అతనికే భయం.

"వేరే జబ్బులేమైనా ఉన్నాయా? దాచకుండా చెప్పు."

పక్కనే ఉన్న బావమరిది నోరు తెరిచాడు. డ్రైవరు గుడ్లురిమాడు. బావమరిది అదే బస్సుకి కండక్టరు. బావ దారిలో బస్సెందుకు ఆపుతాడో, పరుగున వెళ్ళి పాలిపోయిన మొహంతో ఎందుకు తిరిగొస్తాడో అతనొక్కడికే తెలుసు. విరేచనాల్లో రక్తం. డిపోలో తెలిస్తే స్టీరింగు ముట్టుకోనివ్వరని, పైగా నలుగురూ నవ్వుతారని, డ్రైవరు అతనిచేత ఒట్టు వేయించుకున్నాడు.

"ఏ జబ్బూ లేదండీ."

స్ట్రెచర్ కదిలింది. థియేటర్ దగ్గరపడేకొద్దీ డ్రైవరు బావమరిది చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"రేయ్, లేచేసరికి కాలు లేకపోతే మీ అక్కకి నువ్వే చెప్పు. నావల్ల కాదు."

"ఆ రక్తం సంగతి చెప్పేద్దాం బావా."

"కాలి పుండుకీ కడుపుకీ ఏం సంబంధంరా? నోర్ముయ్. నామీద ఒట్టేశావు."

తలుపులు తెరుచుకున్నాయి. లోపల పెద్ద లైటు, దాని కింద ట్రేలో కత్తులు. వెనకే సర్జన్, గ్లవ్స్ తొడుక్కుంటూ. బావమరిది చెయ్యి జారిపోయింది.

"హోల్డాన్!" బస్సు ఆపించేటప్పటి కేకే వేశాడు బావమరిది.

అలవాటుకొద్దీ డ్రైవరు కాలు క్లచ్ తొక్కబోయి నొప్పితో మెలితిరిగింది. స్ట్రెచర్ తోసేవాళ్ళు కూడా ఆగిపోయారు.

"డాక్టరుగారూ, మా బావకి ఏడాదిగా రక్తవిరేచనాలండీ," అన్నాడు బావమరిది ఏడుపుగొంతుతో. "ఒట్టు తీసి గట్టుమీద పెట్టేశాను బావా. తిట్టుకో."

ఉన్న పరువు కాస్తా పోయింది. డ్రైవరు సిగ్గుతో కళ్ళు మూసుకున్నాడు. తిట్టు నాలుకమీదికి వచ్చేలోగా, సర్జన్ గ్లవ్స్ ఊడదీసిన చప్పుడు వినిపించింది.

"వెనక్కి తీసుకెళ్ళండి. ముందు పేగులు చూడాలి," అన్నాడు సర్జన్. "పేగుల జబ్బుతో ఇలాంటి పుండు వస్తుంది. దానికి మందులే వాడాలి, కోసేకొద్దీ పెరుగుతుంది. ఇన్నాళ్ళూ నీ కాలు తింటున్నది నా కత్తేనయ్యా."