చందువాకు నప్పే లైటు

“నిన్నటి చేప ఇవాళ్టి చేపలాగ కనపడే లైటు కావాల,” అంది సింహాద్రమ్మ.

అబీద్ సెంటర్లో ఎలక్ట్రికల్ షాపు తెరిచిన ఇన్నేళ్లలో కొండబాబును అలాంటి లైటు ఎవరూ అడగలేదు. అతను కౌంటరు మీద మోచేతులు ఆన్చి, “వంటింట్లోకా పిన్నీ?” అన్నాడు.

“వంటింట్లోకే. పైన చెక్క కప్‌బోర్డులు, కింద నల్లరాయి గట్టు. కప్‌బోర్డుల అడుగున బిగిస్తారంట గదా, ఆ లైటు.”

నర్సీపట్నంలో అప్పటికి ఆ లైట్లు కొత్త. వైజాగు నుంచి తెప్పించిన రకాలు డబ్బాల్లోనే దుమ్ము పట్టిపోతున్నాయి. కొండబాబుకు ప్రాణం లేచొచ్చింది.

“అయితే తెల్లది పట్టుకెళ్లు. గసగసాల్లో ఇసక రేణువైనా దొరికిపోద్ది.”

“దొరక్కూడదనే వచ్చాను బాబూ.”

ఈ గొడవంతా ఝాన్సీలక్ష్మి కొత్త వంటింటితో మొదలైంది. పాత వంటింట్లో పొగచూరిన నలభై వాట్ల బల్బు ఉండేది. ఆ మసకలో ఏ చేపైనా చేపే. ఝాన్సీలక్ష్మి కాపురానికొచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో ఉడికిన ప్రతి చేపా సింహాద్రమ్మ తెచ్చిందే. ఒక్కనాడూ ఆవిడ వంక పెట్టిన పాపాన పోలేదు. ఇప్పుడు వడ్రంగి పని ముగించి, మంచి లైటు కొనేదాకా ఉంటుందని కప్‌బోర్డు కింద ఓ తెల్ల ట్యూబు వేలాడగట్టి పోయాడు. అంతే. ఆ వెలుగులో వంజరానికి కళ్లు లోపలికి పోయాయి. పండుగప్పకు మొప్పలు నల్లబడ్డాయి. మొన్న ఝాన్సీలక్ష్మి పళ్లెం పక్కకు తోసేసి, “ఇంకోసారి ఇలాంటిది తెచ్చావంటే ఈ ఇంట్లో చేప మానేసి కోడే,” అని తేల్చేసింది.

అప్పటి నుంచి సింహాద్రమ్మకు అన్నం సహించడం లేదు. చేపే పోయాక ఆ ఇంటితో తనకేం మిగులుతుంది?

ఆమె సంచిలోంచి కాగితం పొట్లం తీసి కౌంటరు మీద విప్పింది. అరచేయంత చందువా చేప.

స్విచ్చి కొనడానికి బలిఘట్టం నుంచి వచ్చిన దేవుళ్లు రెండడుగులు వెనక్కి వేశాడు. “ఇదేటమ్మా, షాపులో?”

“నిన్నటిది. దీని మీద ఎలిగించి సూపించమను.”

కొండబాబు తెల్ల లైటు వెలిగించి చెక్క అర కింద పట్టుకున్నాడు. చందువా కంటికి శుక్లం వచ్చినట్టయింది. మొప్ప మాసిన ఇటుక రంగుకు తిరిగింది. పక్క కిరాణా కొట్టు పిల్లి వైరు చుట్ట మీద కూర్చుని ఒకసారి చూసి, మొహం తిప్పుకుంది.

“నిన్నటి చేపెందుకు తేవడం?” అన్నాడు దేవుళ్లు. “తాజాది తెస్తే లైటుతో పనే లేదు గదా.”

“సముద్రం నర్సీపట్నం దాకా వస్తాదేటి బాబూ? ఏ చేపైనా ఐసులో పడుకుని లారీలో రావల్సిందే. ఊరంతా తినేది నిన్నటి చేపే. ఝాన్సమ్మకే ఇప్పుడు కనబడతంది.”

“ఝాన్సమ్మంటే మీ కోడలా?” అడిగాడు కొండబాబు.

“ఆ ఇంట్లో ఆవిడ మాటే మాట,” అంది సింహాద్రమ్మ, చందువాను బోర్లా తిప్పుతూ.

కొండబాబు నిట్టూర్చాడు. “మా ఇంట్లోనూ అంతే పిన్నీ.”

ఆ తర్వాత అతను మనసు పెట్టి పనిచేశాడు. ఎండ అడ్డొస్తోందని షట్టరు సగానికి దించాడు. పసుపు లైటు వెలిగించాడు. చందువా పొట్ట బంగారంలా మెరిసింది గానీ, తెల్లగా ఉండాల్సిన చోటల్లా పసుపు పాకింది.

“దీనికి పచ్చకామెర్లు,” అంది సింహాద్రమ్మ. “ఇంకోటి ఎలిగించు, బేగి. చేప మెత్తబడిపోతంది.”

మూడోది తెలుపూ కాదు, పసుపూ కాదు. కొండబాబు దాన్ని కాస్త పైకీ కిందికీ జరిపి, ఒకచోట ఆపాడు. మొప్ప కిళ్లీ నమిలిన నోరులా ఎర్రబడింది. పొలుసులు తడితడిగా తళుక్కుమన్నాయి. కన్ను వాళ్ల ముగ్గురి వంకా తేరిపార చూసింది.

“రెప్ప వేస్తదేమో అన్నట్టుంది,” అన్నాడు కొండబాబు, గొంతు తగ్గించి.

“చేపకి రెప్పలుండవు,” అన్నాడు దేవుళ్లు. కానీ అతనూ దగ్గరికొచ్చి వంగి చూస్తున్నాడు.

అప్పుడే పిల్లి వైరు చుట్ట మీంచి ఎగిరి కౌంటరు మీద పడింది. స్విచ్చిల డబ్బా బోర్లా పడింది. దేవుళ్లు కేక పెట్టాడు. సింహాద్రమ్మ చందువాను గుండెకు హత్తుకుని పక్కకు తప్పుకుంది. మొన్నటి తర్వాత మొదటిసారి ఆమె మొహంలో నవ్వు కనిపించింది.

“పిల్లి ఒప్పుకుంది. ఇదే కట్టు.”

కొండబాబు డబ్బా తుడిచి కవర్లో పెట్టాడు. “ఏడాది గ్యారంటీ పిన్నీ.”

“లైటుకా, చేపకా?” అన్నాడు దేవుళ్లు, నేల మీది స్విచ్చిలు ఏరుతూ.

“దేనికైనా ఝాన్సమ్మ ఒప్పుకోవాల గదా,” అంటూ సింహాద్రమ్మ షట్టరు కిందనుంచి వంగి ఎండలోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఝాన్సీలక్ష్మి ఇంటి గేటు ముందు ఆగి, “కొత్త వంటింటికి నా కానుకమ్మా,” అని లైటు డబ్బా చేతికిచ్చి, నెత్తి మీది చేపల తట్ట అరుగు మీదికి దించుకుని, “ఇయ్యాల ఏది కొయ్యమంటారు అమ్మగారూ?” అని అడిగింది.