రెండు గట్లు కలిసే చోటు

“ఎక్స్ యాడికి పోయిందే?”

బావి ఒడ్డున కూర్చుని మనవరాలి నోటుబుక్కులోకి తొంగిచూసింది శకుంతలమ్మ.

“కొట్టుకుపోయిందవ్వా. ఒకటి ప్లస్సు, ఒకటి మైనస్సు” అంది పదో తరగతి నందిని.

“మీ గురప్ప తాతా మేమూ కొట్టుకుని పోయినట్టే అన్నమాట.”

గురప్ప ఆమెకు మరిది, సొంత చెల్లెలి మొగుడు కూడా. పక్క చేను అతనిదే. హద్దు రాయిని వీళ్ళ చేలోకి జరిపింది అతనేనని పోయిన పెనిమిటి చెప్పిన మాట ఆమెకు వేదం. ఇరవై ఏళ్ళుగా పలుకుల్లేవు. పోయినేడు చెల్లెలు దేవకమ్మ పాడె తన వాకిటి ముందు నుంచే పోయినా తలుపు తీయలేదు. ఆ కోపం న్యాయమైనదేనని ఈ రోజు తేలిపోవాలి.

“చేల పాత పటంలో ఈ రెండు గట్లూ రెండు గీతలు. బావి సున్నా. ఎక్స్ తూర్పుకి, వై ఉత్తరానికి. ఒక గట్టు ఎక్స్ ప్లస్ వై యాభై, ఇంకోటి వై మైనస్ ఎక్స్ పది. రెండూ కూడితే రెండు వైలు అరవై” అంటూ లెక్క చూపించింది నందిని.

“అట్లంటే?”

“తూర్పుకి ఇరవై మీటర్లు, ఆణ్ణించి ఉత్తరానికి ముప్పై. మొదట్లో రాయి ఆడ ఉన్నింది.”

“రాయిని జరిపినోడు దాని కింద పెద్దోళ్ళు హద్దుకు గుర్తుగా పోసిన బొగ్గులు జరపలేదు గదా! తవ్వితే బయటపడతాయి. టేపు పట్టవే.”

గడ్డపార తీసుకుని లేచింది. అలికిడికి గురప్ప గట్టు మీదికి వచ్చాడు.

“వదినా, ఎండ ముదురుతా ఉండాది, ఇంటికి పో. రాయి ఉన్నకాడే ఉండనీ.”

“ఏమబ్బా, ఇప్పుడు భయమైందా? నా చెల్లెలి మొగం కడసారి సూడనీకుండా సేసినోడివి!”

గురప్ప తల వంచుకున్నాడు.

నందిని తూర్పుకి ఇరవై కొలిచి ఉత్తరానికి తిరిగింది. టేపు గురప్ప చేను వైపు పోతుందనుకుంటే తమ చేలోనే సాగింది.

“ఇరవై ఎనిమిది... ఇరవై తొమ్మిది...” పిల్ల టేపు పట్టుకుని ఆగింది. “అవ్వా, లెక్క తప్పయింటాది. మళ్ళీ కొలుస్తా.”

శకుంతలమ్మ చేతిలోంచి గడ్డపార జారిపోయింది. టేపు కొస ఆమె పెనిమిటి సమాధి నడిమధ్యన ఉంది.

అక్కడే పూడ్చమని ఒట్టు వేయించుకున్నది ఆయనే.