కందిలికి అర్థం

పంజాగుట్ట ఆసుపత్రిలో, పక్షవాతంతో మాట పడిపోయిన కవి రాజనర్సయ్య ముందు డాక్టర్ మంజూష ఆఖరి బొమ్మ పెట్టింది. కందిలి, కిరసనాయిలు లాంతరు.

"ఇదేంటండీ?"

ఇంతదాకా ఏ బొమ్మకూ ఆయన నోరు పెగల్లేదు. అమీర్‌పేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పే కూతురు చంద్రిక ముందుకు వంగింది. నాయిన కవితల నిండా కందిలే. కందిలంటే తిరుగుబాటని విమర్శకులంతా రాశారు.

"జర యాది చేస్కో నాయినా!"

"బు... బుచ్చమ్మ."

"తప్పండీ," అంటూ డాక్టర్ ఇంటూ కొట్టబోయింది.

చంద్రిక మంచం పక్కనున్న తల్లి వైపు చూసింది. కట్టుకున్నదాన్ని పేరు పెట్టి పిలవని ఇల్లు అది. ఆయన నోట తన పేరు వినడం బుచ్చమ్మకు ఇదే మొదలు. కొంగు నోట్లో కుక్కుకుంది.

'కందిలి ఆరితే నాకు తొవ్వ లేదు.' ఆ కవిత నాయిన ఎవరి కోసం రాసిండో చంద్రికకు ఇప్పుడు తెలిసింది.

గబుక్కున డాక్టర్ చెయ్యి పట్టుకుంది.

"రైటు కొట్టండి మేడం. నాయినకు మాటొచ్చింది."