పొదిగే కోడి ధ్యానం

ఒక దొడ్డిలో చుక్కల కోడి గంపలో గుడ్లు పొదుగుతూ, "నాకు మనశ్శాంతి లేదు" అని రోజంతా సణిగేది. చెరువులో తాబేలు బౌద్ధుల ధ్యానం నేర్పుతోందని విని, ఒక పొద్దున్నే గుడ్లు వదిలేసి పరిగెత్తింది.

"కదలకుండా కూర్చో. ఊపిరిని గమనించు. మనసు ఎటు పోయినా తిట్టకుండా వెనక్కి తెచ్చుకో," అంది తాబేలు.

కోడి కళ్లు మూసుకుంది. మనసు గుడ్ల దగ్గరికి పోయింది. తెచ్చుకుంది. మళ్లీ పోయింది.

"గుడ్లు చల్లారిపోతాయేమో, గురువుగారూ!"

"పెట్టాక వాటితో మనకేం పని? నేనైతే ఇసుక కప్పేసి వచ్చేస్తాను."

"అందుకేనా తమరికింత శాంతి!" అంటూ కోడి ఇంటికి ఉరికింది. అదృష్టం, గుడ్లింకా గోరువెచ్చగానే ఉన్నాయి. కదలకుండా కూర్చుంది. మనసు పురుగుల మీదికి పోయినప్పుడల్లా తిట్టకుండా గుడ్ల మీదికి తెచ్చుకుంది. సణుగుడు ఎప్పుడు ఆగిందో దానికే తెలియదు.

శిష్యురాలిని వెతుక్కుంటూ బయల్దేరిన తాబేలు, దొడ్డి చేరేసరికి పిల్లలు పుట్టే రోజొచ్చింది.

"ఏమ్మా, ధ్యానం మానేశావా?"

"ష్! లోపల ఎవరో పెంకు పొడుస్తున్నారు."

తన గుడ్లలోంచి ఎవరొచ్చారో ఎన్నడూ చూడని తాబేలు, ఊపిరి బిగపట్టి గంప వైపు మెడ చాచింది.