హచ్చొళ్ళి గుండప్ప

"బూట్లిడిసి రాప్పా, ఈడ సామి ఉండాడు," అంది మారెక్క, కూర్చున్నచోటు నుంచి లేవకుండానే.

"అత్తకు మోకాళ్ళ నొప్పులు సార్," అంది కోడలు నేత్ర.

దేవుణ్ణి ఇమ్మని అడగడానికి వచ్చినవాడు ఏ మొహంతో కూర్చోవాలో గురురాజకు తెలియలేదు. పంచ మూల గూట్లో, సగం మట్టిలో పూడి, పసుపు పూతతో, వెండి కళ్ళతో గుండప్ప స్వామి. ఆ ఫిరంగి గుండు కోసమే అతను కడలగుడ్డ కోట మ్యూజియం నుంచి ఇంత దూరం వచ్చాడు.

"మా జాబు అందిందా అమ్మా?"

"ఎనిమిది దినాలాయ. సముద్రం యాడ, మా హచ్చొళ్ళి యాడప్పా?"

గురురాజ ఓపిగ్గా చెప్పాడు. ఆ కోట యుద్ధనౌకల రేవుకు కాపలా. శత్రువుల ఓడలు మూడు రోజులు ఫిరంగులు పేల్చినా రేవు వాళ్ళకు దక్కలేదు. ఒక గుండు మాత్రం బురుజును చీల్చుకొచ్చి హచ్చొళ్ళి సిపాయి కాళ్ళ ముందు ఆగిపోయింది. బతికి బయటపడ్డ సిపాయి దాన్ని బండిలో వేసుకుని ఇల్లు చేరాడు.

"మా వంశపోడే. ఆ పొద్దు నుంచి మా ఇంటి దేవుడు," అంది మారెక్క, పక్కనున్న జొన్నల మూటకు ఆనుకుని.

"బురుజుకు ఆ బొక్క ఇంకా ఉండాదమ్మా. వచ్చే నెల మ్యూజియం తెరుస్తాం. దాని ముందర ఈ గుండు పెట్టాలని నా పదేళ్ళ ఆశ. ఇనుమైతేనే తీస్కపోతా. రాయైతే నాకు పని లేదు."

"ఆయ్తప్పా, పరీక్ష చేస్కో."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. జేబులోని అయస్కాంతం తీసి పసుపు మీద ఆనించాడు. జారిపడింది. గోటితో పసుపు గీకి మళ్ళీ ఆనించాడు. మళ్ళీ పడింది.

"రాయే అమ్మా," అన్నాడు. ఏడుపొచ్చినంత పనైంది.

"పోనీలేప్పా. రొట్టె తినిపో."

అయస్కాంతాన్ని మూట పక్కన పెట్టి పళ్ళెం అందుకున్నాడు.

"చట్నీ ల్యాదు సార్, వారం నుంచి మా ఇంట్ల పొడే," అంది నేత్ర.

వాకిట్లో రుబ్బురోలు పొత్రం లేకుండా ఖాళీగా ఉంది. అందులోని వాననీళ్ళు పిచ్చుక తాగుతోంది. గురురాజ తిని, ఫైల్లో 'రాయి' అని రాసి సంతకం పెట్టి, బూట్లు తొడుక్కుని జీపు దాకా వెళ్ళాడు. అక్కడ అయస్కాంతం గుర్తొచ్చింది.

వెనక్కి వచ్చేసరికి మారెక్క అక్కడే ఉంది.

"ఏం మరిస్తివప్పా?" అంది, మూట మీద చెయ్యి వేసి.

గురురాజ ఆమె పక్కకు చూసి నిలబడిపోయాడు. వంగి బూట్లు విప్పాడు. ఫైలు తెరవలేదు.

"దండం పెట్టుకోవడం మరిచినానమ్మా," అని చేతులు జోడించాడు.

అయస్కాంతం జొన్నల మూటకు అతుక్కుని ఉంది.